డాబా మీది సోలార్ ప్యానెళ్లు: కడగడానికి ముందు తేల్చుకోవలసినవి

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో చీమకుర్తికి దగ్గరి ఊరు. నిరుడు ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్నాం. కింద బట్టలు ఆరేసుకోవచ్చని స్ట్రక్చర్‌ను ఏడడుగుల ఎత్తున కట్టించాం. మూడేసి చొప్పున రెండు వరుసల్లో ఆరు ప్యానెళ్లు ఉన్నాయి. ఫిబ్రవరిలో రోజుకు 14 యూనిట్లు వచ్చేవి, మే సగానికి వచ్చేసరికి 11 మాత్రమే వస్తున్నాయి. మా ఇంట్లో పనిచేసే కుర్రాడు వారానికోసారి మధ్యాహ్నం పని ముగించుకుని, నిచ్చెన వేసుకుని ప్యానెళ్ల మీదికెక్కి, బోరు నీళ్లూ సర్ఫూ పెట్టి కడుగుతున్నాడు. తెల్లటి మచ్చలు మాత్రం పోవడం లేదు. ఒకరు వెనిగర్ వాడమంటున్నారు, ఒకరు బాత్రూమ్ యాసిడ్ అంటున్నారు, ఒక ఏజెన్సీ మనిషి దుమ్ము అంటకుండా గాజు మీద నానో కోటింగ్ అనే పూత వేయించుకోమంటున్నాడు. మొన్న కడుగుతుండగా ప్యానెల్ ఫ్రేము తగిలి చెయ్యి జివ్వుమందని కుర్రాడు చెప్పాడు. అప్పటి నుంచి మావారు తానే ఎక్కి కడుగుతానంటున్నారు. ఆయనకు 64 ఏళ్లు, బీపీ మాత్రలు వాడతారు. మేము ఏం చేయాలి?

సమాధానం: అమ్మా, మీరు చివర్లో మాటవరసకు చెప్పినట్టు రాసిన సంగతే అన్నిటికన్నా ముఖ్యమైనది. ఫ్రేము తగిలి చెయ్యి జివ్వుమన్నదంటే ఆ వ్యవస్థలో ఎక్కడో లోపం ఉన్నట్టు. దాన్ని అర్హత ఉన్న ఎలక్ట్రీషియనో, మీకు సోలార్ బిగించిన సంస్థ టెక్నీషియనో వచ్చి కొలిచి సరిచేసేదాకా ఆ కుర్రాడు గానీ, మీవారు గానీ, మరెవరు గానీ పైకి ఎక్కకూడదు, కింది నుంచి నీళ్లు కూడా చల్లకూడదు. అప్పటిదాకా ప్యానెళ్లు మురికిగా ఉంటే పోయేది రోజుకు ఒకటి రెండు యూనిట్లు మాత్రమే.

చాలామంది సోలార్‌ను ఇన్వర్టర్ బ్యాటరీ లాంటిదనుకుని, స్విచ్ ఆపేస్తే కరెంటు పోతుందని నమ్ముతారు. ఇది ప్రమాదకరమైన నమ్మకం. ఇప్పుడు ఇళ్లకు బిగిస్తున్న 540 వాట్ల తరహా ప్యానెల్ ఒక్కొక్కటి ఎండలో దాదాపు 50 వోల్టుల డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) ఇస్తుంది. మీ ఆరింటినీ ఒకే వరుస తీగగా కలిపి ఉంటే రెండు చివరల మధ్య 300 వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది. సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీని ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) ఆపినా, ప్యానెళ్ల తీగను దాని నుంచి విడదీసే డీసీ ఐసోలేటర్ స్విచ్ తిప్పినా, ఆ స్విచ్ అవతల అంటే డాబా మీది ప్యానెళ్లలోనూ వాటి తీగల్లోనూ ఎండ ఉన్నంతసేపూ ఆ వోల్టేజీ అలాగే ఉంటుంది. పైగా మన ఇంటి ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చి వెళుతుంది కాబట్టి తెగిన తీగ దగ్గర లేచిన నిప్పురవ్వ ఆరిపోయే అవకాశం ఉంటుంది. డీసీలో ఆ వెసులుబాటు లేదు, రవ్వ అంటుకుంటే మండుతూనే ఉంటుంది. అందుకే ప్యానెళ్ల కింద వేలాడే నల్లటి కనెక్టర్లను (వాటిని ఎం.సి.4 అంటారు) ఎండ ఉండగా లాగి చూడడం, మళ్లీ గుచ్చడం ఇంట్లోవాళ్లు ఎప్పుడూ చేయకూడదు.

ఫ్రేములోకి కరెంటు ఎలా వచ్చిందో మీ ఇంటికి వచ్చి కొలిచిన మనిషే చెప్పాలి. సాధారణంగా కారణం రెండింటిలో ఒకటిగా ఉంటుంది. మొదటిది, తీగ పైపొర ఎక్కడో దెబ్బతినడం. ప్యానెళ్ల కింద నీడలో ఉడతలు, ఎలుకలు తీగలు కొరకడం మన ఊళ్లలో మామూలే. బిగించినవాళ్లు తీగను స్ట్రక్చర్ అంచుకు ఒరుసుకునేలా వదిలేసినా కొన్నాళ్లకు పైపొర తెగుతుంది. రెండవది, ఎర్తింగ్ సరిగా లేకపోవడం. ప్యానెల్ చుట్టూ ఉండే అల్యూమినియం ఫ్రేము మీద తుప్పు పట్టకుండా ఒక పొర ఉంటుంది, ఆ పొర కరెంటును సరిగా పోనివ్వదు. కాబట్టి ఫ్రేమును బోల్టుతో స్ట్రక్చర్‌కు బిగించినంత మాత్రాన ఎర్తింగ్ అయినట్టు కాదు. ఆ పొరను చీల్చుకుని పట్టే పళ్ల వాషర్లయినా ఉండాలి, ఫ్రేము నుంచి ఫ్రేముకు ఎర్తింగ్ తీగయినా వేసి ఉండాలి. మీరు కింద నిలబడి తలెత్తి చూసినా ఒక ప్యానెల్ నుంచి పక్క ప్యానెల్‌కు పసుపు పచ్చ చారల తీగ కనిపిస్తుందో లేదో తెలుస్తుంది. ఇక నేలలో దించిన ఎర్తింగ్ గుంతలు మీ ప్రాంతపు వేసవిలో ఎండిపోతే అవి పేరుకే ఎర్తింగ్. ఇంటి సోలార్‌కు మామూలుగా మూడు గుంతలు తీస్తారు: ప్యానెళ్ల వైపు డీసీకి ఒకటి, ఏసీకి ఒకటి, పిడుగు నుంచి కాపాడే కడ్డీకి ఒకటి. మీ ఇంట్లో ఆ మూడూ ఎక్కడున్నాయో కనుక్కుని, వేసవిలో అప్పుడప్పుడు బకెట్ నీళ్లు పోయించండి.

ఇన్వర్టర్ తెరను కూడా ఒకసారి చూడండి. ఇప్పటి ఇన్వర్టర్లు రోజూ ఉదయం మొదలయ్యే ముందు ప్యానెళ్ల వైపు ఇన్సులేషన్‌ను, అంటే కరెంటు బయటికి కారకుండా ఆపే పొరను, తమంతట తామే పరీక్షించుకుంటాయి. మంచు పడ్డ ఉదయాన గానీ, కడిగిన తరువాత గానీ, వాన వెలిసిన తరువాత గానీ ‘ఐసో ఫాల్ట్’ అనో ‘ఇన్సులేషన్ ఫాల్ట్’ అనో కనిపించి, ఎండెక్కాక దానంతట అదే పోతుంటే, సర్దుకుంది కదా అని ఊరుకోకండి. తడి తగిలినప్పుడల్లా ఏదో ఒక చోట కరెంటు కారుతోందని అది చెబుతోంది. ఆ మాటను ఫోన్‌తో ఫొటో తీసి టెక్నీషియన్‌కు చూపిస్తే అతడికి సగం పని తగ్గుతుంది.

ఇప్పుడు 14 యూనిట్లు 11 ఎందుకయ్యాయో చూద్దాం, ఎందుకంటే తగ్గిందంతా దుమ్ము వల్లే అనుకుని మీరు ప్రతి వారం ఆ కుర్రాణ్ని పైకెక్కిస్తున్నారు. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. ప్యానెల్‌లో వెలుతురును కరెంటుగా మార్చే పలుచటి బిళ్లలను సెల్స్ అంటారు, వాటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఉత్పత్తి సుమారు 0.35 శాతం తగ్గుతుంది. ఫిబ్రవరి కన్నా మేలో పది డిగ్రీల వేడి ఎక్కువ ఉంటే మూడున్నర శాతం, అంటే అర యూనిట్, వేడికే పోయింది. దానికి తోడు మీ అక్షాంశంలో మే మొదటి వారం దాటాక మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. దక్షిణానికి వాలిన మీ ప్యానెళ్లకు ఫిబ్రవరిలో పడినంత నేరుగా ఎండ పడదు. ఇవి రెండూ ఎవరూ కడిగి పోగొట్టగలిగినవి కావు.

మిగిలినది తేలాలంటే ఫోన్‌లో మీ ఇన్వర్టర్ యాప్‌లో రోజువారీ ఉత్పత్తి గీత తెరిచి చూడండి. ఉదయం నుంచి సాయంత్రం దాకా గీత నున్నగా గుమ్మటంలా లేచి దిగుతూ, ఫిబ్రవరిలో కన్నా మొత్తంగా కాస్త కిందికి ఉంటే అది దుమ్మో, మచ్చలో, వేడో అయి ఉంటుంది. నడుమ నిలువుగా కోసినట్టు సున్నాకు పడి, కొంతసేపటికి మళ్లీ లేస్తుంటే ఆ సమయంలో కరెంటు పోయిందన్నమాట, ఎందుకంటే గ్రిడ్‌కు కలిపిన ఇన్వర్టర్ లైనులో కరెంటు లేనప్పుడు లైన్‌మన్ల భద్రత కోసం తానూ ఆగిపోతుంది. లైన్ వోల్టేజీ హద్దు మించి పెరిగినా అలాగే ఆగుతుంది. వీధిలో నలుగురైదుగురు సోలార్ పెట్టుకున్న చోట మధ్యాహ్నం ఈ ఇబ్బంది రావచ్చు, దాని మీద డిస్కమ్‌కు (కరెంటు పంపిణీ సంస్థకు) ఫిర్యాదు చేయాలి గానీ ప్యానెళ్లు కడిగి లాభం లేదు. రోజూ ఒకే వేళకు గీతలో చిన్న గుంట పడుతుంటే ఆ వేళకు కొబ్బరి చెట్టు నీడో, ట్యాంకు నీడో, పక్కింటివాళ్లు కొత్తగా లేపిన గది నీడో ప్యానెల్ మీద పడుతోంది.

దుమ్ము వల్ల ఎంత తగ్గుతోందో తెలుసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. లోపం సరిచేయించాక, మబ్బు లేని రోజున ప్యానెళ్లు శుభ్రం చేయించి, ముందు రోజు యూనిట్లనూ మరునాటి యూనిట్లనూ పోల్చండి. అర యూనిట్ కన్నా తక్కువ తేడా వస్తే మీరు అవసరం కన్నా ఎక్కువసార్లు కడిగిస్తున్నట్టు. మీ ప్రాంతంలో గ్యాలక్సీ గ్రానైట్ క్వారీలు, కోత యూనిట్లు, లారీల రాకపోకలు ఉన్నాయి కాబట్టి జనవరి నుంచి జూన్ దాకా రెండు వారాలకోసారి అవసరం కావచ్చు. వానలు పడే నెలల్లో నెలకోసారి చూసుకుంటే చాలు. గట్టి వాన కడిగినట్టే ఉంటుంది గానీ నాలుగు చినుకులు పడి ఆగిపోతే దుమ్ము బురదై అంటుకుంటుంది, అటువంటి రోజు తరువాత ఒకసారి కన్నేయండి.

దుమ్ము ప్యానెల్ అంతటా సమంగా పరుచుకుంటే జరిగే నష్టం కన్నా ఒకచోట గుట్టగా చేరితే జరిగే నష్టం ఎక్కువ. మన దగ్గర ప్యానెళ్లను పది, పదిహేను డిగ్రీల వాలులోనే పెడతారు కాబట్టి నీళ్లు కిందికి జారి, కింది ఫ్రేము అంచు దగ్గర ఆగి, ఎండిపోతాయి. అక్కడ వేలెడు వెడల్పున బురద పట్టీ ఏర్పడుతుంది. పైనంతా అద్దంలా మెరుస్తూ ఉంటుంది, ఆ పట్టీ మాత్రం అట్టడుగు వరుస సెల్స్‌ను కప్పేస్తుంది. సెల్స్ అన్నీ ఒకదానికొకటి గొలుసుగా కలిసి ఉంటాయి గనుక కప్పబడినవి మిగిలినవాటిని కూడా వెనక్కి లాగుతాయి, తాము మాత్రం వేడెక్కుతాయి. పావురం రెట్టతోనూ ఇదే జరుగుతుంది. ప్యానెల్ వెనుక పెట్టెలో ఉండే డయోడ్లు ఆ భాగాన్ని పక్కకు తప్పించి కాపాడతాయి, కానీ అప్పుడు ప్యానెల్‌లో సుమారు మూడో వంతు పనిచేయనట్టే. కాబట్టి వారానికోసారి మొత్తం కడిగించే బదులు కింది అంచునూ రెట్టలనూ జాగ్రత్తగా తీయించడం ఎక్కువ ఫలితమిస్తుంది. కింద పావురాలు గూళ్లు కడుతుంటే చుట్టూ జాలీ కట్టించండి.

ఇక తెల్లటి మచ్చలు. అవి దుమ్ము కాదు, మీ బోరు నీళ్లలోని సున్నం. మీ వంటింట్లో కుళాయి మూతి దగ్గరా, నీళ్లు కాచే గిన్నె అడుగునా పేరుకునేది ఇదే. మిట్టమధ్యాహ్నం ప్యానెల్ అరవై డిగ్రీల పైన కాలుతూ ఉండగా దాని మీద బోరు నీళ్లు పోస్తే అవి కిందికి జారేలోపే ఆవిరై, సున్నం అక్కడే మిగిలిపోతుంది. అంటే ప్రతి వారం మీరు శుభ్రం చేయిస్తున్నామనుకుంటూ కొత్త పొర వేయిస్తున్నారు. పైగా కాలుతున్న గాజు మీద ఒక్కసారిగా చల్లటి నీళ్లు పడితే అది పగిలే ప్రమాదం కూడా ఉంది. సర్ఫు సంగతి కూడా అంతే, పూర్తిగా కడిగేయకపోతే అది పొరగా మిగిలి, దుమ్మును మరింత పట్టి ఉంచుతుంది.

నీళ్లు ఎక్కడివి వాడాలన్నది మీ ప్రాంతంలో నిజంగా కష్టమైన ప్రశ్నే. అన్నిటికన్నా మేలైనవి వాన నీళ్లు. ఒక పెద్ద డ్రమ్ములో పట్టి మూతపెట్టుకుంటే కొన్నిసార్లకు సరిపోతాయి. ఏసీ వెనుక గొట్టంలోంచి కారే నీళ్లు కూడా మంచివే, అవి గాలిలోని తేమ చల్లబడి కారినవి గనుక సున్నం ఉండదు, గుడ్డలో వడకట్టుకుంటే చాలు. రెండూ లేకపోతే ఆర్.ఓ. ప్లాంటు నుంచి ఒక 20 లీటర్ల క్యాన్ తెప్పించుకోండి. మాపుతో తడిపి తుడిస్తే ప్యానెల్‌కు రెండు లీటర్లకు మించి పట్టవు. అయితే ఇంట్లో ఆర్.ఓ. ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లను మాత్రం దీనికి వాడకండి. వృథా పోతున్నాయి కదా అని బకెట్లో పట్టి దీనికి వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. అవి బోరు నీళ్ల కన్నా చిక్కటి ఉప్పు నీళ్లు.

పట్టేసిన మచ్చలకు బాత్రూమ్ యాసిడ్ మాట మరిచిపోండి. అది అల్యూమినియం ఫ్రేమునూ, గాజుకూ ఫ్రేముకూ మధ్య నీరు దిగకుండా పట్టి ఉంచే సీలునూ తినేస్తుంది. వెనిగర్ ఫరవాలేదు గానీ షరతులున్నాయి. ముందు మీ ప్యానెల్ కంపెనీ ఇచ్చిన పుస్తకంలో శుభ్రపరిచే పద్ధతి చదవండి, అందులో ఆమ్లాలు వద్దని ఉంటే వద్దు. అభ్యంతరం లేకపోతే తెల్ల వెనిగర్ ఒక వంతుకు వాన నీళ్లు పది వంతులు కలిపి, ఒక ప్యానెల్ మూలన మెత్తటి గుడ్డతో కొద్దిసేపు తడిపి ఉంచి, మంచి నీళ్లతో పూర్తిగా కడిగి, ఆరాక చూడండి. గాజు మీద వెలుతురు వెనక్కి తిరిగిపోకుండా చేసే పలుచటి పూత ఉంటుంది, గట్టిగా రుద్దితే మచ్చకన్నా ముందు అదే పోతుంది. అందుకే ఇనుప పీచు, బ్లేడు, గిన్నెలు తోమే పొడి వాడకూడదు. గ్రానైట్ పొడి గాజును గీకగలిగినంత గట్టిది గనుక పొడి గుడ్డతో తుడవడం కూడా తప్పే. ముందు తడిపి, నాననిచ్చి, ఆ బురద జారిపోయాక మాత్రమే మెత్తటి మాపు ఆడించాలి. కారు కడిగే ప్రెషర్ పంపు ప్యానెళ్ల మీద పెట్టనివ్వకండి, ఆ ధార సీళ్లలోంచి లోపలికి దూరుతుంది.

నానో కోటింగ్ విషయంలో నా అభిప్రాయం వద్దనే. సున్నపు పొర ఉన్న గాజు మీద అది వేస్తే ఆ పొరను అక్కడే పాతిపెట్టినట్టవుతుంది. ఒకవేళ ఆ మనిషి పట్టుబడితే, ఈ కోటింగ్ వేస్తే వారంటీ పోదని మీ ప్యానెల్ కంపెనీ నుంచి కాగితం తెమ్మనండి.

కుర్రాడు ప్యానెళ్ల మీద నిలబడుతున్నాడన్నారు. మనిషి బరువుకు గాజు పగలకపోవచ్చు, కానీ దాని కింద ఉన్న సెల్స్ కాగితమంత పలుచగా ఉంటాయి, వాటిలో కంటికి కనిపించని పగుళ్లు పడతాయి. నిరుటి నుంచి ఇలా తొక్కుతున్నారు కాబట్టి తగ్గిన యూనిట్లలో దీని వాటా కూడా ఉండవచ్చు, టెక్నీషియన్‌ను ఒక్కొక్క ప్యానెల్‌నూ విడిగా కొలవమనండి. అయితే ప్యానెల్ కన్నా నాకు ఆ కుర్రాడి గురించే ఎక్కువ ఆందోళన. ఏడడుగుల స్ట్రక్చర్ డాబా మీద ఉందంటే నేల నుంచి అతడు ఎంత ఎత్తున ఉన్నాడో లెక్కవేయండి. తడి గాజు, సర్ఫు నురగ, పక్కన పిట్టగోడ కూడా అడ్డులేని ఎత్తు. చెయ్యి జివ్వుమన్నంత చిన్న షాక్ మనిషిని చంపకపోవచ్చు, కానీ ఉలిక్కిపడి వెనక్కి అడుగు వేస్తే చాలు. అతడి స్థానంలో బీపీ మాత్రలు వాడే మీవారు ఎక్కితే ప్రమాదం మనిషి మారింది గానీ తగ్గలేదు. ఈ విషయంలో ఆయన మాట వినవద్దని నేనన్నట్టుగానే చెప్పండి.

మీ స్ట్రక్చర్ ఎత్తుగా ఉంది, వాలు తక్కువ, రెండు వరుసలు కలిపితే పొడవు పదిహేను అడుగులు. డాబా మీద నిలబడి కర్రతో పై వరుసను అందుకోవడం సాధ్యం కాదు. దీనికి సరైన పరిష్కారం స్ట్రక్చర్‌కే చేతికడ్డీలతో నడకదారి, స్థిరమైన మెట్ల నిచ్చెన వెల్డింగ్ చేయించడం. నిజానికి ఇంత ఎత్తున కట్టినప్పుడు మొదటే పెట్టవలసింది. అది పెట్టించాక కూడా ఎక్కే మనిషి నడుముకూ భుజాలకూ బెల్టు వేసుకుని దాన్ని స్ట్రక్చర్‌కు తగిలించుకోవాలి, కింద మరొకరు ఉండాలి. మాపు కర్ర ఫైబర్‌దై ఉండాలి, అల్యూమినియం కర్ర గానీ ఇనుప గొట్టం గానీ వద్దు. మీ డాబాకు దగ్గరలో 11 కె.వి. లైన్ పోతుంటే, కర్ర పూర్తిగా చాచినా అటువైపు చేరకుండా ఉంటుందో లేదో ముందే చూసుకోవాలి. సందేహంగా ఉంటే ఆ వైపు పని మానుకుని డిస్కమ్‌వాళ్లను అడగాలి.

అన్నీ సరిచేయించాక పని చేయవలసిన వేళ తెల్లవారుజామున, సూర్యుడు రాకముందు, మసక వెలుతురు ఉన్నప్పుడు. అప్పుడు ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటు చాలా తక్కువగా ఉంటుంది (వోల్టేజీ మాత్రం పూర్తిగా పోదు), గాజు చల్లగా ఉంటుంది, రాత్రి మంచుకు దుమ్ము నాని ఉంటుంది. ముందు ఇన్వర్టర్ ఏసీ వైపు బ్రేకర్ ఆపి, తరువాత డీసీ ఐసోలేటర్ ఆపాలి. తిరిగి పెట్టేటప్పుడు దీనికి తలకిందులుగా చేయాలి. మీ ఇన్వర్టర్ మీద అంటించిన కాగితంలో వేరే వరుస ఉంటే దాన్నే పాటించండి. గాజు పగిలిన ప్యానెల్ కనిపిస్తే దాని మీద ఒక్క చుక్క నీరు కూడా పడనివ్వకూడదు.

సూర్యఘర్ పథకంలో బిగించిన సంస్థ అయిదేళ్ల నిర్వహణ బాధ్యత తీసుకుంటుంది. కడగడం ఇంటివాళ్ల పనే అని వాళ్లు అనవచ్చు, కానీ ఫ్రేములోకి కరెంటు రాకుండా సరిచేయడం వాళ్ల పనే. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా, తేదీ వేసి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. వచ్చిన టెక్నీషియన్‌తో ఎర్తింగ్ నిరోధం, ప్యానెళ్ల వైపు ఇన్సులేషన్ కొలిపించి, ఆ అంకెలు కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. స్విచ్‌లుండే డబ్బా తెరిచినప్పుడు మెరుపుల నుంచి కాపాడే ఎస్.పి.డి. మీద చిన్న కిటికీ పచ్చగా ఉందా, ఎర్రబడిందా కూడా చూపించమనండి. ఎర్రబడితే అది పనికిరాదు, వానాకాలం మొదలయ్యేలోపు మార్పించాలి.

ఈలోగా ఒక గట్టి వాన పడితే మరునాడు ఎండ కాసిన తరువాత సాయంత్రం యాప్‌లో యూనిట్లు చూడండి. 11 ఉన్నది 12కో 12న్నరకో పెరిగితే తగ్గుదలలో ఎక్కువ పాలు దుమ్ముదే, అప్పుడు మీకు కావలసింది నడకదారీ ఒక డ్రమ్ము వాన నీళ్లూ. పెద్దగా పెరగకపోతే మచ్చలూ, పగుళ్లూ, లైన్ వోల్టేజీ ఈ మూడింటిలో ఏదో టెక్నీషియన్ తేల్చేదాకా కడిగే పని అసలు పెట్టుకోకండి.